కొలత కెమెరాది, గుర్తు మనిషిది: ఎన్‌ఎఫ్‌ఎల్‌లో బంతిని ఎక్కడ పెట్టాలో కూడా మెషీనే చెప్పాలా?

బఫెలో బుజ్జి:
నెలలు గడిచాయి, నాకింకా మింగుడుపడలేదు. అందుకే ఈ చర్చ మొదలుపెడుతున్నా.

2025 జనవరి 26, కాన్సస్ సిటీలో ఆరోహెడ్ స్టేడియం. అమెరికన్ ఫుట్‌బాల్ లీగ్ ఎన్‌ఎఫ్‌ఎల్‌లో ఏఎఫ్‌సీ టైటిల్ మ్యాచ్, అంటే సెమీఫైనల్ లాంటిది. గెలిచినవాళ్లు సూపర్ బౌల్‌కి వెళ్తారు. నాలుగో క్వార్టర్ మొదట్లో మా బఫెలో బిల్స్ 22-21తో ముందున్నారు. కాన్సస్ సిటీ చీఫ్స్ 41 యార్డుల గీత దగ్గర మాకు నాలుగో డౌన్, కావాల్సింది మహా అయితే ఒక యార్డు. ఆట తెలియనివాళ్లకు ఒక్క మాట: నాలుగు అవకాశాల్లో (ఒక్కో అవకాశం ఒక డౌన్) పది యార్డులు ముందుకెళ్తే మళ్లీ నాలుగు అవకాశాలు ఇస్తారు, దాన్నే ఫస్ట్ డౌన్ అంటారు. వెళ్లలేకపోతే బంతి అవతలివాళ్ల చేతికి పోతుంది.

మా క్వార్టర్‌బ్యాక్, అంటే జట్టు ఆటను నడిపించే జోష్ అలెన్, బంతిని పొట్టకు హత్తుకుని ఆ గుంపులోకి తల దూర్చాడు. మైదానానికి రెండు పక్కలా చెరో అధికారి గీత మీద నిలబడి చూస్తుంటారు కదా. ఒకాయన పరిగెత్తుకొచ్చి ఫస్ట్ డౌన్ వచ్చేసిన చోట కాలు ఆనించాడు. రెండో పక్క నుంచి వచ్చినాయన దానికి కాస్త వెనక ఆనించాడు. వెనక పెట్టినాయన మాటే నెగ్గింది. రివ్యూ చేశారు, మార్చలేదు. సీబీఎస్ టీవీలో రూల్స్ వివరించే జీన్ స్టెరటోర్, ఆయనే ఒకప్పటి రెఫరీ, బంతిలో మూడో వంతు దాకా గీత దాటిందని తనకు అనిపించినట్టు అప్పుడే చెప్పాడు. చీఫ్స్ ఆ బంతి తీసుకుని టచ్‌డౌన్ కొట్టారు, అంటే ఆరు పాయింట్లు, పైన ఇంకో రెండు, 29-22. చివరికి 32-29తో మేం ఇంటికి, వాళ్లు సూపర్ బౌల్‌కి.

ఆ తర్వాత ఏప్రిల్ 1న లీగ్ ఓ ప్రకటన చేసింది. ఫస్ట్ డౌన్ కొలవడానికి ఇక పది యార్డుల గొలుసు లాక్కుని మైదానంలోకి రానక్కర్లేదట. టెన్నిస్‌లో, క్రికెట్‌లో చూసే హాక్-ఐ వాళ్లవే ఆరు 8కే కెమెరాలు ప్రతి స్టేడియంలో పెట్టి, బంతికీ గీతకూ ఎంత దూరమో ముప్పై సెకన్లలో చెప్పేస్తారట. గొలుసు పక్కన స్పేర్‌గా ఉంటుంది. చదివి సంతోషించేలోపే అసలు సంగతి తెలిసింది: బంతిని కింద పెట్టేది మాత్రం ఇప్పటికీ మనిషే! పెట్టిన తర్వాతే కెమెరా కొలుస్తుంది. అంటే ఆ రోజు ఈ కెమెరాలు ఉన్నా మాకు ఒరిగేది ఏమీ లేదు. 2017 నుంచి ప్రతి బంతిలో చిప్ ఉంది. దాన్నే అడిగితే పోదా? ఎందుకు అడగడం లేదు? చెప్పండి.

డల్లాస్ బావ:
స్టెరటోర్ పేరు ఎత్తావు కాబట్టి ఆయన కథే ఒకటి చెప్పాలి. 2017 డిసెంబర్ 17, ఓక్లాండ్‌లో మా కౌబాయ్స్, రైడర్స్ మ్యాచ్. 17-17 మీద నాలుగో డౌన్, మా క్వార్టర్‌బ్యాక్ డాక్ ప్రెస్కాట్ స్నీక్, అంటే అలెన్‌లాగే బంతితో తనే గుంపులోకి దూరడం. గొలుసు తెచ్చి లాగారు. బంతి ముక్కు గొలుసు చివరి కర్రకు ఆనినట్టే ఉంది, ఆననట్టే ఉంది. అప్పుడు రెఫరీగా ఉన్న ఇదే స్టెరటోర్ జేబులోంచి ఓ కార్డు తీసి, మడిచి, బంతికీ కర్రకూ మధ్య దూర్చాడు. చూసి, ఫస్ట్ డౌన్ అని చెయ్యి చూపించాడు. మేం 20-17తో గెలిచాం. వేల కోట్ల లీగ్‌లో మన గల్లీలో గోలీలాటకు బెత్తెలతో కొలిచినట్టు కొలిచారు! నేనైతే సోఫాలోంచి కింద పడి నవ్వా. ఆ కార్డు మా వైపు తిరిగింది కాబట్టి నవ్వొచ్చిందిలే, లేకపోతే నేనూ బుజ్జిలా చర్చ పెట్టేవాణ్ణి.

తెనాలి గొలుసు:
మా నాన్న సర్వే శాఖలో చైన్‌మన్‌గా చేసి రిటైరయ్యారు, అందుకే ఈ పేరు. గొలుసు గురించి కాబట్టి మాట్లాడే హక్కు నాకు కాస్త ఉంది.

పాత సర్వే గొలుసు 66 అడుగులు, అంటే 22 గజాలు. క్రికెట్ పిచ్ పొడవు సరిగ్గా అంతే, అది ఊరికే వచ్చిన అంకె కాదు. అమెరికా వాళ్ల ఆట గొలుసు పది గజాలు. పొడవు సంగతి అటుంచండి. పొలాల గట్టు తగాదాల్లో గొలుసు తప్పు లాగారని గొడవ పడ్డవాళ్లు తక్కువ. గొడవంతా రాయి దగ్గరే ఉంటుంది. హద్దు రాయి అసలు ఇక్కడే ఉండేదా, రాత్రికి రాత్రి రెండు మూరలు జరిగిందా? రాయి తేలకపోతే గొలుసు ఎంత ఖచ్చితంగా లాగినా ఆ కొలతతో ఎవరికీ ఉపయోగం లేదు.

ఈ ఆటలోనూ అంతే. నేను గమనించింది ఏమిటంటే, మొదటి డౌన్‌కి వెనక కర్ర పాతేటప్పుడు కూడా మైదానం అంచున నిలబడి, దూరంగా ఉన్న బంతి ముక్కుకు ఎదురుగా ఎక్కడొస్తుందో కంటితో చూసే పాతుతారు. అంటే మొదలు కంటి అంచనా, చివర కంటి అంచనా, మధ్యలో ఉక్కు గొలుసు. ఆ గొలుసును ఇద్దరు బిగించి లాగుతుంటే స్టేడియం మొత్తం ఊపిరి బిగబట్టేది. ఇప్పుడా బిగింపు పోయి బోర్డు మీద బొమ్మ వచ్చింది. రాయి పాతేవాడు మాత్రం మారలేదు.

చిప్ చిట్టి:
బుజ్జి గారూ, నేను గోదాముల్లో ట్యాగులు చదివే సిస్టమ్స్ మీద పని చేస్తా. బంతిలో చిప్ ఉంది నిజమే. ఆటగాళ్ల భుజం ప్యాడ్లలో కూడా ఉంది. కానీ దాన్ని పెట్టింది ఎవరు ఎంత వేగంగా పరిగెత్తారు, బంతి ఎంత దూరం ఎగిరింది లాంటి లెక్కల కోసం. అలాంటి లెక్కకు నాలుగైదు అంగుళాలు అటూ ఇటూ అయినా పర్వాలేదు. మీకేమో ఒక్క అంగుళం దగ్గర తగాదా.

ఇంకా అసలు చిక్కు వేరే ఉంది. క్రికెట్ బంతి గుండ్రం, మధ్య ఎక్కడుందో తెలిస్తే అంచు ఎక్కడుందో తెలిసిపోతుంది. ఈ బంతి కోడిగుడ్డు సాగదీసినట్టు ఉంటుంది. పొడవు 11 నుంచి 11¼ అంగుళాలు. ముక్కు ముందుకు ఉంటే మధ్య నుంచి అంచుకు ఐదున్నర అంగుళాలు. అడ్డంగా పట్టుకుంటే మూడున్నర కూడా ఉండదు. చిప్ ఒకచోటే ఉన్నా, బంతి ఎటు తిరిగి ఉందన్నదాన్ని బట్టి రెండంగుళాల తేడా వచ్చేస్తుంది. కాబట్టి చోటుతో పాటు దిక్కు కూడా తెలియాలి.

మరొకటి. మనిషి ఒంట్లో ఎక్కువ భాగం నీళ్లే. మా దగ్గర నీళ్ల సీసాల పెట్టెల మధ్య ట్యాగ్ ఇరుక్కుంటే రీడర్ తడబడుతుంది. ఇక్కడ ఒక్కొక్కరు నూట ముప్పై, నూట నలభై కిలోల వాళ్లు పది మంది బంతి మీద పడి ఉంటారు. మీరు ఖచ్చితత్వం అడుగుతున్న చోటే సిగ్నల్ అన్నిటికంటే బలహీనంగా ఉంటుంది.

బఫెలో బుజ్జి:
చిట్టి గారూ, ఆ రెండంగుళాల సంగతి నాకు తట్టనే లేదు, ఒప్పుకుంటున్నా. కానీ చిప్ చాలకపోతే కెమెరాలు పెంచండి. ఆరు కాకపోతే ఇరవై పెట్టండి. డబ్బు లేని లీగా ఇది?

విల్లా వీరాభిమాని:
కెమెరాలు పెంచితే చాలు అనేవాళ్లకు మా కథ చెప్తా. 2020 జూన్ 17, ఇంగ్లండ్ ఫుట్‌బాల్‌లో ఆస్టన్ విల్లా, షెఫీల్డ్ యునైటెడ్ మ్యాచ్. మా గోల్‌కీపర్ బంతి పట్టుకుని వెనక్కి తూలి గీత దాటేశాడు. టీవీలో చూసిన చిన్నపిల్లాడికి కూడా గోల్ అని తెలుసు. గోల్ అయితే మోగాల్సిన రెఫరీ చేతి వాచీ మాత్రం మోగలేదు. ఆ గోల్‌కి ఏడు కెమెరాలు ఉన్నాయి. కీపర్, డిఫెండర్, పోల్ అడ్డం రావడంతో ఏడింటికీ బంతి కనిపించలేదు. అంతకు ముందు తొమ్మిది వేలకు పైగా మ్యాచ్‌లలో ఇలా జరగలేదని హాక్-ఐ వాళ్లే చెప్పి, క్షమాపణ అడిగారు. మ్యాచ్ 0-0. సీజన్ చివర మేం ఒక్క పాయింట్ తేడాతో లీగ్‌లో నిలిచాం, బోర్న్‌మత్ కిందికి దిగిపోయింది. నాకు మంచే జరిగింది కాబట్టి ఎప్పుడూ గట్టిగా చెప్పుకోలేదు.

అక్కడ అడ్డం వచ్చింది ఇద్దరు ముగ్గురే. అలెన్ స్నీక్‌లో ఇరవై మంది. పైగా గోల్ గీత కదలదు, కెమెరా దాని మీదే గురిపెట్టి ఉంచొచ్చు. ఫస్ట్ డౌన్ గీత నూరు యార్డుల్లో ఎక్కడైనా పడొచ్చు.

ఇప్పుడే మొదలుపెట్టా:
నాదో చిన్న ప్రశ్న, నవ్వకండి. నేను న్యూజెర్సీ వచ్చి ఏడాదైంది, ఆఫీసులో అందరూ మాట్లాడుతున్నారని చూడటం మొదలుపెట్టా. రన్నర్ ముందుకు వెళ్లి, వాళ్లు వెనక్కి నెట్టేస్తే బంతి వెనక పెట్టడం లేదు, ముందే పెడుతున్నారు. ఎందుకు? మోకాలు ఆనితే ఆట ఆగినట్టా, విజిల్ వేస్తే ఆగినట్టా?

కూత రెఫరీ:
నవ్వేదేం లేదమ్మా, ఈ చర్చలో అసలు ప్రశ్న నువ్వే అడిగావు.

నేను మా మండలంలో కబడ్డీ మ్యాచ్‌లకు రెఫరీగా వెళ్తుంటా, అమెరికా ఆట మా అబ్బాయి వల్ల అలవాటైంది. కబడ్డీలో రైడర్‌ని ఐదుగురు పట్టేశారు అనుకో. కింద పడి, ఈడ్చుకుంటూ, చెయ్యి చాచి నడిమి గీత ముట్టుకున్నాడు. వేలు గీతకు తగిలింది, అందరూ చూశారు. కానీ కూత అప్పటికే తెగిపోయిందా? వేలు తగలడం కంటికి కనిపిస్తుంది, కెమెరాకూ కనిపిస్తుంది. కూత ఎప్పుడు తెగిందో ఆ గోలలో దగ్గరున్నవాడి చెవికే తెలియాలి, వాడికీ ఒక్కోసారి తెలియదు.

ఈ ఆటలో కూత బదులు మోకాలు. అవతలివాళ్లు పట్టుకున్నప్పుడు చేతులు, పాదాలు తప్ప ఒంట్లో ఏది నేలకు ఆనినా ఆట ఆగినట్టే. మోకాలు కావచ్చు, మోచెయ్యి కావచ్చు, తుంటి కావచ్చు. ఆ క్షణంలో బంతి ఎక్కడుందో అక్కడ పెట్టాలి. కాళ్ల మీద నిలబడే ఉన్నాడు కానీ ఇక కదలనివ్వడం లేదు, వెనక్కి ఎత్తుకుపోతున్నారు అనుకో. అప్పుడు వాడు చేరిన అతి ముందు చోటే లెక్క. అందుకే నీకు ముందు పెట్టినట్టు కనిపిస్తోంది. మరి ఇక కదలలేడు అని తేల్చేదెవరు? రెఫరీ మనసు. దానికి చిప్ లేదు.

బుజ్జీ, నువ్వు బంతి ఎక్కడుంది అని అడుగుతున్నావు. నీ గొడవ నిజానికి ఎప్పుడు అన్న దాని గురించి. బంతి ఉన్న చోటు సెకనులో పదో వంతుకు అంగుళాలు మారుతుంది. ఏ పదో వంతు దగ్గర ఆపాలో తెలియకుండా చోటు ఒక్కటే మిల్లీమీటర్లలో చెప్తే ఏం లాభం?

ఆరోహెడ్ అమ్మాయి:
ఇంతసేపు ఆగాను, ఇక ఆగలేను. నేను కాన్సస్ సిటీ దాన్నే.

బుజ్జన్నా, ఆ ఒక్క స్నీక్ గురించి ఇన్ని నెలలు మాట్లాడావు. అదే మ్యాచ్‌లో మీరు రెండు సార్లు టచ్‌డౌన్ తర్వాత వచ్చే రెండు పాయింట్ల కోసం ప్రయత్నించి రెండూ పోగొట్టుకున్నారు. దాని మీద చర్చ పెట్టలేదే? ఆ స్నీక్ తర్వాత కూడా మీరు 29-29 చేశారు. మా కిక్కర్ బట్కర్ 35 యార్డుల నుంచి తన్ని మూడు పాయింట్లు కొట్టాక కూడా మీకు బంతి వచ్చింది. నాలుగో డౌన్, ఐదు యార్డులు. మా డిఫెన్స్ కోచ్ స్పాగ్నూలో బ్లిట్జ్ (అలెన్ మీదికి అదనంగా మనుషుల్ని) పంపితే అలెన్ వెనక్కి పరిగెత్తుతూ విసిరాడు, మీ కిన్‌కెయిడ్ చేతికి అందలేదు. అక్కడ ఏ గొలుసూ లేదు, ఏ కెమెరా గొడవా లేదు.

ఇక రివ్యూలో ఎందుకు మార్చలేదంటావా? రిప్లే నియమమే అది. ‘స్పష్టంగా, తేటతెల్లంగా’ కనిపిస్తేనే మార్చాలి. చూపించిన యాంగిల్స్‌లో బంతి ఎక్కడ కనిపించింది? అలెన్ వీపు, అవతలివాళ్ల వీపులు. స్టెరటోర్ గారు కూడా అభిప్రాయమే చెప్పారు, బంతిని చూపించలేదు. ముందు ఫస్ట్ డౌన్ అని ఇచ్చి ఉంటే అది కూడా అలాగే ఉండిపోయేది, మేం ఏడ్చేవాళ్లం. సూపర్ బౌల్‌లో ఈగల్స్ చేతిలో 40-22 తిన్నాం కాబట్టి మీ ఉసురు మాకు తగిలిందనుకోండి, సరిపోయింది.

బఫెలో బుజ్జి:
చెల్లెమ్మా, రెండు పాయింట్ల సంగతి నాకు గుర్తు చేయాల్సిన అవసరం లేదు, రోజూ గుర్తొస్తూనే ఉంది. ఓడటానికి వంద కారణాలుంటాయి. నేను మాట్లాడేది ఓటమి గురించి కాదు, ఇద్దరు అధికారులు రెండు చోట్ల కాలు పెట్టినప్పుడు ఏ లెక్కన ఒకటి ఎంచుకున్నారు అన్నదాని గురించి. అది ఎవరూ చెప్పలేదు. ‘ముందు ఎలా ఇస్తే అదే ఉంటుంది’ అన్నావు చూడు, నన్ను ఎక్కువ కాల్చేది అదే. ముందు ఇచ్చిందేమో బొమ్మా బొరుసులా ఉంది. దాన్ని కదపాలంటే మాత్రం తేటతెల్లమైన సాక్ష్యం కావాలి.

ఎల్బీ ఎంకన్న:
క్రికెట్‌లో దీనికి ముద్దుగా పెట్టిన పేరు అంపైర్స్ కాల్. మనవాళ్లు డీఆర్‌ఎస్ వద్దని ఏళ్ల తరబడి మొండికేసి, 2016లో ఇంగ్లండ్ ఇక్కడికి వచ్చినప్పుడు ఒప్పుకున్నారు. ఇప్పటికీ టీ కొట్టు దగ్గర బంతి వికెట్‌కి తగులుతుందని బొమ్మ చూపిస్తుంటే నాటౌట్ ఎలా అని కొట్టుకుంటూనే ఉన్నాం. కానీ ఒక్క తేడా ఉంది. మన దగ్గర గీత ఎక్కడో ముందే చెప్పేశారు: బంతిలో సగం కంటే ఎక్కువ తగిలితే అంపైర్ మాట చెల్లదు, తక్కువైతే చెల్లుతుంది. ఒప్పుకున్నా ఒప్పుకోకపోయినా లెక్క అందరికీ తెలుసు. ఎన్‌ఎఫ్‌ఎల్ వాళ్లది కూడా అంపైర్స్ కాలే, కాకపోతే ఎంత అన్నది చెప్పరు. ‘తేటతెల్లం’ అన్న మాట చెప్పి వదిలేస్తారు. ఎవరి కంటికి తేటతెల్లం?

డల్లాస్ బావ:
దీనంతటికీ మూలం ఈగల్స్ అని నా అభిప్రాయం. క్వార్టర్‌బ్యాక్‌ని వెనక నుంచి ఇద్దరు తోసే ఆ టష్ పుష్ లేకపోతే ఈ గుంపుల్లో బంతి వెతుక్కునే ఖర్మ సగం తగ్గేది. ప్యాకర్స్ జట్టువాళ్లు నిషేధించమన్నారు. 2025 మేలో 22 మంది ఓనర్లు సరే అన్నారు, కావాల్సింది 24. రెండు ఓట్ల తేడాతో బతికిపోయింది. కౌబాయ్స్ అభిమానిగా ఈగల్స్ మీద నాకేం కోపం లేదు, ఊరికే చెప్తున్నా.

చిప్ చిట్టి:
బావగారి నిష్పాక్షికత మెచ్చుకోవాల్సిందే. కానీ ఆ మాటలో పస ఉంది. మెషీన్‌కి కష్టమైన ఆటే ఎక్కువగా ఆడుతున్నారు.

రిప్లేతో అన్నీ సరిదిద్దొచ్చు అనేవాళ్లు 2019 గుర్తు తెచ్చుకోవాలి. ఆ ఏడాది జనవరిలో సెయింట్స్, ర్యామ్స్ మ్యాచ్‌లో బంతి రాకముందే సెయింట్స్ రిసీవర్‌ని (పాస్ అందుకునేవాణ్ణి) గుద్దేసినా తప్పని ఫ్లాగ్ వేయలేదు, ర్యామ్స్ సూపర్ బౌల్‌కి వెళ్లారు. దేశమంతా గోల. వెంటనే అలాంటి తప్పును, అంటే పాస్ ఇంటర్‌ఫరెన్స్‌ని, కూడా రివ్యూలోకి తెచ్చారు. ఒక్క సీజనే ఉంది. ఎంత తాకితే తప్పు అన్నదాని మీద న్యూయార్క్‌లో కూర్చుని రివ్యూ చేసేవాళ్లకు కూడా ఒక మాట కుదరలేదు. 2020కి తీసేశారు.

తెనాలి గొలుసు:
మనిషిని పూర్తిగా తీసేసిన చోట్ల కూడా మనిషే బయటపడుతున్నాడు. 2025 వింబుల్డన్‌లో లైన్ జడ్జీలు లేరు, అంతా కెమెరాలే. సెంటర్ కోర్టులో పావ్లుచెంకోవా మ్యాచ్‌లో బంతి బయట పడినా మెషీన్ పలకలేదు. ఆరా తీస్తే ఎవరో పొరపాటున దాన్ని ఆపేశారట! ఆ పాయింట్ మళ్లీ ఆడించారు. మా నాన్నకు చెప్తే, ‘గొలుసు ఇంట్లో మర్చిపోయి సర్వేకి వెళ్లినట్టు’ అని పడీ పడీ నవ్వారు.

ఇప్పుడే మొదలుపెట్టా:
అయితే ఈ కొత్త కెమెరాల వల్ల లాభమే లేదా? నాకైతే ఆ బోర్డు మీద బొమ్మ నచ్చింది.

కూత రెఫరీ:
ఉంది. గొలుసు తెచ్చి లాగితే నిమిషం పైనే పట్టేది, ఇప్పుడు నలభై సెకన్ల దాకా మిగులుతోంది. పెట్టిన బంతికి కొలత తప్పు రాదు. కార్డు దూర్చే అవసరం రాదు. దాని వరకు మంచిదే. కాకపోతే ఆ బొమ్మ చూసి మెషీన్ తేల్చింది అనుకుంటారు జనం. తేల్చింది కాలు ఆనించినాయన. మెషీన్ ఆయన కాలి దగ్గర నుంచి కొలిచింది.

బఫెలో బుజ్జి:
సరే. చిప్ అడిగితే చోటు సరిపోదని చిట్టి గారు, ఎక్కువ కెమెరాలు అడిగితే విల్లా కథ, ఎక్కడ అని అడిగితే ఎప్పుడు అని రెఫరీ మామ. నా మొదటి కోరిక వెనక్కి తీసుకుంటున్నా. బంతిని మెషీన్ పెట్టాలని ఇక అడగను.

కానీ రెండు అడుగుతా. ఇద్దరు అధికారులు రెండు చోట్ల పెట్టినప్పుడు రెఫరీకి మైక్ ఎలాగూ ఉంది, ఎవరి చోటు ఎందుకు తీసుకున్నాడో ఒక్క వాక్యం చెప్పాలి. ఎవరికి మోకాలు కనిపించింది, ఎవరికి బంతి కనిపించింది, అది చాలు. రెండోది, అలాంటప్పుడు మైదానంలో ఇచ్చిన నిర్ణయానికి ఆ పెద్దరికం ఉండకూడదు. ఇద్దరు మనుషులే ఒప్పుకోని నిర్ణయాన్ని కదపడానికి ‘తేటతెల్లం’ దేనికి? ఎటు మొగ్గుంటే అటు ఇవ్వమనండి. ఎంకన్న గారు చెప్పినట్టు లెక్క ముందే చెప్పేయండి.

ఎల్బీ ఎంకన్న:
రెండోదానికి నా ఓటు. మొదటిదానికి కాదు. కారణం చెప్పమంటే ప్రతి వారం పదిమంది ఆ కారణం మీద ఇంకో పది చర్చలు పెడతారు.

ఆరోహెడ్ అమ్మాయి:
రెండూ బాగానే ఉన్నాయి, నాకు అభ్యంతరం లేదు. కానీ నిజం చెప్పు బుజ్జన్నా. ఆ రోజు ముందు కాలు పెట్టినాయన మాట నెగ్గి, మీరు గెలిచి ఉంటే ఈ చర్చ పెట్టేవాడివా?

బఫెలో బుజ్జి:
లేదు. నువ్వు పెట్టేదానివి.